హ్యూమ్‌ని కాపాడింది బడి కాదు

మా బావగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఊరూరా మంచి బడి ఉంటే చాలు, జనం బుర్రలు వాటంతట అవే తెరుచుకుంటాయని ఆయన గట్టి నమ్మకం. ఆ మధ్య వాట్సాప్‌లో నాకొక వ్యాసం పంపించారు, స్కాట్లండ్ మీద. 1690ల్లో కరువుతో అల్లాడిన ఆ దేశం 1696లో ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతంలోనూ, బడి ఉండి తీరాలని చట్టం చేసిందట. రెండు మూడు తరాలు తిరిగేసరికి తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, ఆర్థికశాస్త్రం రాసిన ఆడం స్మిత్, భూమి పుట్టుపూర్వోత్తరాల గురించి కొత్తగా ఆలోచించిన జేమ్స్ హట్టన్, గుప్తోష్ణం సంగతి తేల్చిన జోసెఫ్ బ్లాక్ అందరూ అక్కణ్ణుంచే వచ్చారట. "చూశావా, అంతా బడి మహిమే" అని కింద ఒక ముక్క రాశారు.

నేను ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి నాకు పంపించారు. వ్యాసంలో అబద్ధమేమీ లేదు. చట్టం నిజమే, భూస్వాములు డబ్బు వేసుకుని బడి కట్టించి పంతులుకి ఏడాదికి 100 నుంచి 200 మెర్కుల (అప్పటి స్కాట్లండ్ నాణేల) జీతం ఇవ్వాలన్న నియమమూ నిజమే. అయినా చదివాక నాకు మనసొప్పలేదు. 1696 అనగానే నాకు గుర్తొచ్చేది ఆ చట్టం కాదు. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఎడిన్‌బరో జైల్లో ఉరికోసం ఎదురుచూస్తున్న ఒక కుర్రాడు.

బడి స్కాట్లండ్ జనానికి చదవడం నేర్పింది, ఒప్పుకుంటాను. కానీ అందరికీ భిన్నంగా ఆలోచించినవాణ్ణి బతకనిచ్చిన గుణం బడి వల్ల రాలేదని నా వాదన. అవతలి పక్షంలో ఉంటూనే, తమ వాళ్ల చేత మాటలు పడుతూనే, అతని కోసం నిలబడ్డ కొద్దిమంది మనుషుల వల్ల అది వచ్చింది. బావగారికి ఫోన్లో ఇది సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ట్రాన్ కిర్క్ దగ్గర అన్న మాట

ఆ కుర్రాడి పేరు థామస్ ఐకెన్‌హెడ్. ఎడిన్‌బరో యూనివర్సిటీ విద్యార్థి, వయసు ఇరవై. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. ఆగస్టు నెలలో ఒక రాత్రి స్నేహితులతో ట్రాన్ కిర్క్ పక్కనుంచి నడుస్తూ, ఈ చలిలో కన్నా నరకంలో ఉంటే కాస్త వెచ్చగా ఉండేది అన్నాడట. ఆ చర్చి ఇప్పటికీ హై స్ట్రీట్ మీదే ఉంది. ఆగస్టులో కూడా చీకటి పడ్డాక ఆ మలుపులో గాలి ఎముకలు కొరుకుతుంది, ఒళ్లు దగ్గరికి లాక్కుని నడవాల్సిందే. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆ మాట ఎంత మామూలుగా నోట్లోంచి వచ్చి ఉంటుందో అనిపిస్తుంది.

అదొక్కటే అనలేదులెండి. మతశాస్త్రమంతా అల్లిన కట్టుకథల మూట అన్నాడు. క్రీస్తు ఈజిప్టులో ఇంద్రజాలం నేర్చుకుని వచ్చాడన్నాడు. 1800 వచ్చేసరికి క్రైస్తవం ఉండదన్నాడు. సాక్ష్యం చెప్పింది ఎవరో ఊరివాళ్లు కాదు, తోటి విద్యార్థులే. వాళ్లలో ముఖ్యుడు మంగో క్రెయిగ్ అయితే ఐకెన్‌హెడ్‌కి వ్యతిరేకంగా కరపత్రం కూడా రాసి అచ్చువేశాడు. అలాంటి పుస్తకాలు నాకు ఇచ్చిందే క్రెయిగ్ అని ఐకెన్‌హెడ్ మొత్తుకున్నాడు.

దైవదూషణ మీద అప్పటికి రెండు చట్టాలున్నాయి. 1695 చట్టం ప్రకారం మొదటిసారి తప్పు చేస్తే గోనెపట్టా కట్టుకుని చర్చిలో నిలబడాలి, జైలు. మూడోసారికి గానీ మరణశిక్ష లేదు. ఐకెన్‌హెడ్‌ది మొదటి తప్పే. అయినా 1661 చట్టాన్ని బయటికి తీసి దాని కింద ఉరి వేశారు. అతను పశ్చాత్తాపపడ్డాడు, నా వయసు చూడండని ప్రీవీ కౌన్సిల్‌కి, అంటే రాజు పేరున దేశాన్ని నడిపే మండలికి, పిటిషన్ పెట్టుకున్నాడు. చర్చి పెద్దలు సిఫారసు చేస్తే తప్ప క్షమించం అంది కౌన్సిల్. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎడిన్‌బరోలో సమావేశమైన జనరల్ అసెంబ్లీ, అంటే దేశంలోని చర్చి పెద్దలందరి సభ, దేశంలో అధర్మం పెరిగిపోతోంది, చట్టాలను గట్టిగా అమలు చేయించండి అని రాజుకి రాసింది. ఇద్దరు పాస్టర్లు మాత్రం అతనికి గడువు ఇవ్వమని అడిగారు. కౌన్సిల్లో ఆన్‌స్ట్రథర్ అనే న్యాయమూర్తి అతని తరఫున మాట్లాడి, విషయాన్ని కౌన్సిల్ పెద్ద అయిన ఛాన్సలర్ ఒక్క ఓటు దాకా తెచ్చాడు. ఆ ఓటు పడలేదు. 1697 జనవరి 8న లీత్‌కి వెళ్లే దారిలో ఉరితీశారు.

ఇందులో చదువురానివాడు ఒక్కడు కనిపిస్తే చూపించండి. సాక్షులు యూనివర్సిటీ విద్యార్థులు. న్యాయమూర్తులు, పాస్టర్లు లాటిన్ చదువుకున్నవాళ్లు. ఊరూరా బడి కావాలని మత సంస్కర్త జాన్ నాక్స్ కాలం నుంచీ పట్టుబట్టింది ఈ చర్చే, ఉరి తాడు దగ్గర మెత్తబడనిదీ ఈ చర్చే. ఆ బడుల్లో పిల్లలు కంఠతా పట్టింది మత ప్రశ్నోత్తరాలు. ప్రశ్నా అచ్చులో ఉంటుంది, జవాబూ అచ్చులో ఉంటుంది. అదే 1697లో పైస్లీలో ఒక భూస్వామి కూతురు, 11 ఏళ్ల పిల్ల, తనకు చేతబడి చేశారని చెబితే ఏడుగురికి మరణశిక్ష వేశారు. ఆ పిల్లని పరీక్షించినవాళ్లలో డాక్టర్లున్నారు, విచారించినవాళ్లలో పేరున్న లాయర్లున్నారు. చదువు ఉన్నచోట దయ కూడా ఉంటుందని ఈ రెండు కేసులూ చూశాక నేను అనలేను.

అంత పెద్ద గోరీ ఎలా కట్టనిచ్చారు?

బావగారు ఎడిన్‌బరో వచ్చినప్పుడు ఓల్డ్ కాల్టన్ శ్మశానానికి తీసుకెళ్లాను. హ్యూమ్ సమాధి అక్కడే ఉంది. వాస్తుశిల్పి రాబర్ట్ ఆడం గీసిన నమూనా, గుండ్రటి బురుజులా ఉంటుంది. పేరు, పుట్టిన సంవత్సరం 1711, పోయిన సంవత్సరం 1776 చాలు, మిగతాది తర్వాతివాళ్లు చూసుకుంటారు అని హ్యూమ్ ముందే చెప్పి పెట్టుకున్నాడు. బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "దేవుణ్ణి నమ్మనివాడని ఊరంతా అనుకునే మనిషికి, ఊరి నడిబొడ్డున ఇంత గోరీ ఎలా కట్టనిచ్చార్రా?" అన్నారు. సరైన ప్రశ్న అదే. ఐకెన్‌హెడ్‌ని ఉరితీసిన దారి అక్కణ్ణుంచి పెద్ద దూరం కాదు.

మొదట తెలుసుకోవాల్సింది, చట్టం మారలేదు. ఐకెన్‌హెడ్‌ని చంపిన 1661 చట్టం, దాని తమ్ముడు 1695 చట్టం 1813 వరకూ రద్దు కాలేదు. అంటే హ్యూమ్ బతికున్నన్నాళ్లూ ఆ రెండూ అమల్లో ఉన్నట్టే లెక్క. 1843లో కూడా ఎడిన్‌బరోలో ఒక పుస్తకాల వ్యాపారిని దైవదూషణ కింద జైల్లో పెట్టారు. కాబట్టి హ్యూమ్‌ని చట్టం కాపాడింది అనడానికి వీల్లేదు.

చర్చి తీరు మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. గ్లాస్గోలో జాన్ సిమ్సన్ అనే మతశాస్త్ర ప్రొఫెసర్ బోధన దారి తప్పిందని 1729లో అసెంబ్లీ అతన్ని సస్పెండ్ చేసింది, కానీ జీతం మాత్రం ఇస్తూనే ఉన్నారు. దైవజ్ఞానం లేకపోయినా మంచీ చెడూ తెలుస్తాయని పాఠం చెప్పాడంటూ అక్కడి తత్వశాస్త్ర ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ హచిసన్ మీద 1738లో ఫిర్యాదు నడిచింది, నిలవలేదు. 1745లో హ్యూమ్ ఎడిన్‌బరోలో ప్రొఫెసర్ పదవికి ప్రయత్నిస్తే ఊళ్లోని పాస్టర్లలో ఎక్కువమంది అడ్డం తిరిగారు. గ్లాస్గోలో ఉన్న హచిసన్ కూడా ఆ పదవికి హ్యూమ్ వద్దన్నాడు. తాను పడ్డ బాధ అతనికి గుర్తు రాలేదు కాబోలు. ఉద్యోగం పోయింది, ప్రాణం మీదికి రాలేదు. అప్పుడు హ్యూమ్ తరఫున నిలబడ్డ పాస్టర్లు కొద్దిమందే. అందులో రాబర్ట్ వాలెస్ ఒకడు.

వాలెస్ గురించి ఒక మాట చెప్పాలి. ప్రాచీన కాలంలో జనాభా ఇప్పటికన్నా ఎక్కువా తక్కువా అని ఇతనికీ హ్యూమ్‌కీ వాదం నడిచింది. ఇద్దరూ పుస్తకాలు అచ్చు కాకముందే రాతప్రతులు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. తన వాదాన్ని ఖండించే పుస్తకం బయటికి రావడానికి హ్యూమే సాయం చేశాడు. ఈ మర్యాద చూసి ఫ్రాన్స్ నుంచి రాజనీతి తత్వవేత్త మాంటెస్క్యూ మెచ్చుకున్నాడు.

అసలు గండం 1755, 1756ల్లో వచ్చింది. జార్జ్ ఆండర్సన్ అనే వృద్ధ పాస్టరు హ్యూమ్‌నీ, న్యాయమూర్తి లార్డ్ కేమ్స్‌నీ చర్చి ముందు నిలబెట్టాలని పట్టుబట్టాడు. హ్యూ బ్లెయిర్ అనే యువ పాస్టరు పేరు లేకుండా కరపత్రం రాసి అడ్డుపడ్డాడు. మొదటి ఏడాది అసెంబ్లీ నాస్తికత్వాన్ని ఖండించి ఊరుకుంది, పేర్లు ఎత్తలేదు. రెండో ఏడాది హ్యూమ్ రాతల మీద విచారణ వెయ్యాలన్న ప్రతిపాదన కమిటీలో ఓటింగ్‌కి వచ్చి 50కి 17తో వీగిపోయింది. ఆ యాభైలో ఎవరికీ హ్యూమ్ తత్వం మీద నమ్మకం లేదు. వాళ్లలో చాలామంది ఆదివారం ఆదివారం చర్చిలో ప్రసంగం చేసేవాళ్లు. అరవై ఏళ్ల కిందట ఇలాంటి గదిలోనే ఇలాంటి మనుషులే ఐకెన్‌హెడ్ ప్రాణానికి ఒక్క సిఫారసు రాయలేదు.

బ్లెయిర్‌కీ హ్యూమ్‌కీ మధ్య ఉన్న చనువు తెలియాలంటే ఒక ఉత్తరం చాలు. హ్యూమ్‌కి జేమ్స్ కోర్టులో మేడమీద ఇల్లుండేది. 1763లో పారిస్ వెళ్తూ ఆ ఇల్లు బ్లెయిర్‌కి అద్దెకిచ్చాడు. దేశంలోకెల్లా పెద్ద చర్చిలో ప్రసంగాలు చేసే పాస్టరు, దేశంలోకెల్లా పెద్ద అవిశ్వాసి ఇంట్లో కాపురం! అక్కణ్ణుంచి హ్యూమ్ రాసిన జాగ్రత్తలు చదవండి: ఎర్ర కాగితం అంటించిన దక్షిణపు గదిలో నిప్పు వెయ్యకు, ఆ గది దానంతట అదే వెచ్చగా ఉంటుంది, గట్టి చలికాలంలో కూడా నేను ఒక్క దుప్పటితో పడుకున్నాను, అర్ధరాత్రి చలికి వణుకుతూ ఇంటికొచ్చి ఆ గదిలో గంటసేపు చదువుకునేవాణ్ణి అని. ఒక మనిషి ఇంట్లో ఏ గది వెచ్చగా ఉంటుందో తెలిసినవాడికి, అతన్ని బోనెక్కించే కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. నా వాదన మొత్తం ఈ ఉత్తరంలో ఉంది.

అలాగని వాళ్లు మతాన్ని పక్కనపడేసి దోస్తీ చెయ్యలేదు. అద్భుతాలు నమ్మడానికి వీల్లేదన్న హ్యూమ్ వాదాన్ని అబర్డీన్‌కి చెందిన పాస్టరు జార్జ్ క్యాంప్‌బెల్ గట్టిగా ఖండించాడు. 1762లో పుస్తకం రాకముందే ఆ రాతప్రతి బ్లెయిర్ చేతుల మీదుగా హ్యూమ్‌కి చేరింది. హ్యూమ్ మర్యాదగా జవాబు రాస్తూ, ఆ వాదం తనకు ఎక్కడ తట్టిందో కూడా చెప్పాడు. ఫ్రాన్స్‌లో లా ఫ్లేష్ అనే ఊళ్లో, జెసూట్లనే కేథలిక్ సన్యాసుల కాలేజీ వసారాల్లో నడుస్తుంటే తట్టిందట. హ్యూమ్‌ని కాదనడానికే తన తత్వాన్ని కట్టుకున్న థామస్ రీడ్ కూడా రాతప్రతి పంపాడు. 1763లో రీడ్ రాసిన ఉత్తరంలో, మా చిన్న తత్వగోష్ఠికి కాలక్షేపమంతా మీ వల్లే, మేమంతా మంచి క్రైస్తవులమే అయినా సెయింట్ అథనేషియస్ (పాతకాలపు క్రైస్తవ మతాచార్యుడు) కన్నా మీరు వస్తేనే మాకు సంతోషం, మీరు రాయడం మానేస్తే మాకు చర్చించడానికి ఏమీ మిగలదు అన్నాడు.

మనవాళ్లు స్కాట్లండ్ అనగానే అప్పట్లో ఎంతమంది మేధావులు పుట్టారో లెక్కపెడతారు. నాకు ఆ లెక్క కన్నా రీడ్ ఉత్తరం ఎక్కువ ఆశ్చర్యం.

నన్ను వదలని అనుమానాలు

ఈ మాటే బావగారితో ఫోన్లో అంటే ఆయన వెంటనే పట్టుకున్నారు. "హ్యూమ్ భూస్వామి కొడుకు, పేరున్న రచయిత. నీ ఐకెన్‌హెడ్ దిక్కులేని పిల్లాడు. స్నేహితులు ఎవరికి దొరుకుతారు? డబ్బూ పలుకుబడీ ఉన్నవాడికి. బడి అయితే దిక్కులేనివాడికీ దొరుకుతుంది." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎడిన్‌బరో పాతూళ్లో ఒకే మేడలో కింద చర్మకారుడు, పైన న్యాయమూర్తి ఉండేవాళ్లని చెప్తారు. అయినా ఆ న్యాయమూర్తి భోజనానికి పిలిచేది హ్యూమ్‌నే. ఐకెన్‌హెడ్‌కి ఆ ఇద్దరు పాస్టర్లు, ఆన్‌స్ట్రథర్ అడ్డుపడ్డారు. వాళ్లకి అతనితో అంతకుముందు పరిచయం ఉన్నట్టు లేదు. కేవలం జాలితో చేశారు. జాలి ఛాన్సలర్ ఓటు దాకా వెళ్లి ఆగిపోయింది. బావగారు అన్నదాంట్లో ఉన్న నిజం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

రెండో అనుమానం ఇంకా పెద్దది. హ్యూమ్‌ని కాపాడిన ఈ పాస్టర్లు, చర్చిలో మోడరేట్లు అనే మితవాద పక్షంవాళ్లు, అసలు పదవుల్లోకి ఎలా వచ్చారు? 1712లో లండన్ పార్లమెంటు చేసిన చట్టం వల్ల ఊరి చర్చికి పాస్టరుని నిర్ణయించే హక్కు భూస్వామికి వచ్చింది. ఊరి జనానికి నచ్చినా నచ్చకపోయినా సరే. జనాన్ని అడిగి ఉంటే చాలాచోట్ల ఆండర్సన్ లాంటివాళ్లే వచ్చేవాళ్లు. 1752లో ఇన్వర్‌కీథింగ్ జనం మాకొద్దు మొర్రో అంటున్న పాస్టరుని బలవంతంగా ప్రతిష్ఠించబోతే, థామస్ గిలెస్పీ అనే పాస్టరు ఆ పనికి నేను రానన్నాడు. అసెంబ్లీ అతన్ని పదవిలోంచి తీసేసింది. ఆ వాదన నడిపినవాళ్లలో ముందున్నది పాస్టరు విలియం రాబర్ట్‌సన్, హ్యూమ్‌కి ప్రాణస్నేహితుడు. దేవుణ్ణి ప్రశ్నించినవాడికి చోటిచ్చారు, భూస్వామిని ప్రశ్నించినవాడికి ఇవ్వలేదు.

ఈ విషయంలో నేను గిలెస్పీ పక్షం. అయినా రాబర్ట్‌సన్‌ని కొట్టిపారెయ్యలేను. కేథలిక్కుల మీద ఉన్న చట్టపరమైన కట్టుబాట్లు సడలించాలని అతను వాదించాడు. 1779 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో జనం కేథలిక్ ప్రార్థనామందిరం తగలబెట్టి, రాబర్ట్‌సన్ ఇంటి మీదికీ రాబోయారు. ఆ మూకలో బడికెళ్లి అక్షరాలు నేర్చుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. ఆ తర్వాత అతను అసెంబ్లీ నాయకత్వం వదిలేశాడు. చివరగా 1791లో ప్రాచీన భారతదేశం మీద ఒక పుస్తకం రాశాడు, అంత నాగరికత ఉన్న జనాన్ని గౌరవంగా చూడండని కంపెనీ దొరలకు చెప్పడానికి. తర్వాత పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టి చదువుకున్నవాడే, అప్పటికి మద్రాసు సైన్యంలో ఉన్నాడు. ఆ పుస్తకం మన్రో లాంటివాళ్లని ఉద్దేశించిందే.

మూడోది. స్నేహితులు కాపాడతారు, నోరూ నొక్కుతారు. మతం మీద సంభాషణల రూపంలో హ్యూమ్ రాసిన పుస్తకం ఏళ్ల తరబడి అతని సొరుగులోనే ఉండిపోయింది. వద్దు, నువ్వు పోయాక చూద్దాం అన్నవాళ్లలో బ్లెయిర్ ఉన్నాడు. చనిపోయే ముందు ఆ పని చూడమని ఆడం స్మిత్‌ని అడిగితే స్మిత్ వెనకాడాడు. చివరికి 1779లో హ్యూమ్ అన్న కొడుకు అచ్చువేయించాడు. చిత్రకారుడు అల్లన్ రామ్‌సే 1754లో మొదలుపెట్టిన సెలెక్ట్ సొసైటీ అనే చర్చా సంఘంలో దైవప్రోక్తమైన మతం గురించి చర్చించకూడదని నియమం. స్వయంగా హ్యూమే 1761లో బ్లెయిర్‌కి రాస్తూ, సాహిత్యం మాట్లాడుకున్నప్పుడు మీ దగ్గర నేను నేర్చుకుంటున్నాను, మీ వృత్తి విషయం ఎత్తినప్పుడు మాత్రం నాకు ఆ తృప్తి ఉండదు, ఇకమీదట ఆ ఊసు వద్దు అన్నాడు. ఇది సంపూర్ణమైన స్వేచ్ఛ అని నేను చెప్పను. అయితే హ్యూమ్ పరుపు మీద పోయాడు. ఐకెన్‌హెడ్ పుట్టిన ఊళ్లో అదేమీ చిన్న సంగతి కాదు.

మామూలు జనం ఏమనుకున్నారో చెప్పడం కష్టం. హ్యూమ్ ఒకసారి కోట కింద బురదలో కూరుకుపోతే, చేపలమ్మే ఆడమనిషి వచ్చి, ప్రభువు ప్రార్థన అప్పజెబితే గానీ లాగనందనీ, అతను బుద్ధిగా అప్పజెప్పాడనీ ఒక కథ ఉంది. 1752లో లాయర్ల గ్రంథాలయానికి అతన్ని అధికారిగా ఎన్నుకున్నప్పుడు మాత్రం, వీధుల్లో ఉత్తరాలూ సామాన్లూ మోసే కూలీలు సొంత డబ్బుతో కాగడాలు కొని వెలిగించారని హ్యూమే ఉత్తరంలో రాసుకున్నాడు. రెండు రకాల జనమూ ఉన్నారు.

1805లో పక్షాలు తారుమారయ్యాయి

హ్యూమ్ సమాధి పక్కనే సూదిలా నిటారుగా ఒక స్తంభం ఉంటుంది. 1793, 94ల్లో ఓటుహక్కు అందరికీ కావాలన్నందుకు ద్వీపాంతరం పోయినవాళ్ల జ్ఞాపకార్థం 1844లో కట్టారు. వాళ్లలో ముఖ్యుడు థామస్ మ్యూర్, లాయరు. జడ్జి బ్రాక్స్‌ఫీల్డ్ అతనికి 14 ఏళ్ల ద్వీపాంతరవాసం వేసి ఆస్ట్రేలియా పంపించాడు. ఫ్రెంచి విప్లవం భయానికి మోడరేట్లు సర్కారుకు అంటిపెట్టుకుపోయారు. రాబర్ట్‌సన్ 1793లోనే పోయాడు.

తర్వాత 1805లో జరిగింది చూస్తే, పార్టీ పేరు పట్టుకుని ఎవరినీ నమ్మకూడదని తెలుస్తుంది. ఎడిన్‌బరోలో గణితం ప్రొఫెసర్‌గా జాన్ లెస్లీని ఎంపిక చేశారు. అతను వేడిమి మీద రాసిన పుస్తకంలో ఒక నోట్‌లో, కార్యకారణ సంబంధం గురించి హ్యూమ్ చెప్పింది బాగుంది అన్నాడు. అంతే, ఇది నాస్తికత్వం అని గోల లేచింది. లేపింది ఎవరు? మోడరేట్లు! ఆ ఉద్యోగం తమ పాస్టర్లలో ఒకరికి కావాలని వాళ్ల కోరిక. లెస్లీ పక్షాన నిలబడింది వాళ్ల ఎదుటి పక్షం, మతనిష్ఠ గట్టిగా పట్టే ఎవాంజెలికల్ పాస్టర్లు. ఏభై ఏళ్ల కిందట హ్యూమ్‌ని బోనెక్కించమన్నవాళ్ల వారసులు. అసెంబ్లీలో పెద్ద చర్చ నడిచి 96కి 84తో లెస్లీ గెలిచాడు.

బావగారి బడి సిద్ధాంతానికి ఈ సంఘటన అడ్డం వస్తుంది, ఎందుకంటే రెండు పక్షాలూ ఒకే బడుల్లో, ఒకే యూనివర్సిటీల్లో చదివాయి. మోడరేట్లే స్వేచ్ఛకు కాపలాదారులు అనే పుస్తకాల కథకు కూడా అడ్డం వస్తుంది. ఏ తరంలోనైనా తన గుంపు మాట కాదని లేచి నిలబడేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే చూడాలి. 1697లో ముగ్గురు నలుగురు. 1756లో యాభైమంది. 1805లో 96. ఈ పెరుగుదలకి కారణం ఏమిటని గట్టిగా అడిగితే, ఎదుటివాడి రాతప్రతి చదివి జాగ్రత్తగా జవాబు రాసే అలవాటు ఒక్కటే నాకు కనిపిస్తోంది. వాలెస్, క్యాంప్‌బెల్, రీడ్ ఆ అలవాటు చేశారు. వాళ్ల శిష్యులు చర్చిలో రెండు పక్షాల్లోనూ కూర్చున్నారు.

ఆ అధస్సూచి

2020లో ఎడిన్‌బరో యూనివర్సిటీ తన ఎత్తైన భవనానికి డేవిడ్ హ్యూమ్ పేరు తీసేసి 40 జార్జ్ స్క్వేర్ అని పెట్టింది. కారణం, 1753లో హ్యూమ్ ఒక వ్యాసానికి చేర్చిన అధస్సూచి, అంటే పేజీ అడుగున రాసే నోట్. తెల్లవాళ్లు తప్ప మిగతా జాతులు సహజంగానే తక్కువవి అని అందులో ఉంది. నల్లవాళ్ల గురించి మరీ హీనంగా ఉంది. హై స్ట్రీట్‌లో హ్యూమ్ విగ్రహం కాలి బొటనవేలు పరీక్షలకు వెళ్లే పిల్లల చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తుంటుంది. ఆ మెరుపు చూసినప్పుడల్లా నాకు ఈ అధస్సూచి కూడా గుర్తొస్తుంది. హ్యూమ్ అంటే ఇష్టం కాబట్టే దీన్ని దాటి పోలేను.

ఇది తప్పని హ్యూమ్ బతికుండగానే ఒకరు అచ్చులో అన్నారు. జేమ్స్ బీటీ, అబర్డీన్ ప్రొఫెసరు, ఛాందస క్రైస్తవుడు. 1770లో వచ్చిన అతని పుస్తకం నిండా హ్యూమ్ మీద తిట్లే. కానీ ఈ ఒక్క విషయంలో బీటీ చెప్పినదంతా సబబు. మెక్సికో, పెరూ రాజ్యాలు చూడు, ఆఫ్రికావాళ్ల పనితనం చూడు, బానిసగా పడేసి చదువు చెప్పకుండా నీకు తెలివి లేదనడం ఏం న్యాయం అన్నాడు. బానిసత్వం మీద బీటీ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడాడు. 1778లో జోసెఫ్ నైట్ అనే నల్లజాతి మనిషి వేసిన కేసులో, స్కాట్లండ్ చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదని కోర్టు తేల్చింది. తీర్పులో నైట్ పక్షాన నిలబడిన జడ్జీల్లో కేమ్స్ ఉన్నాడు, హ్యూమ్‌తో పాటు చర్చి బోనెక్కించబోయిన ఆ కేమ్సే. హ్యూమ్ అప్పటికి పోయి ఏడాదిన్నర కావొస్తోంది.

బీటీని హ్యూమ్ మూఢుడు, తెలివితక్కువవాడు అని తీసిపారేశాడు. బహిరంగంగా జవాబివ్వలేదు. క్యాంప్‌బెల్ రాతప్రతి బ్లెయిర్ చేతుల మీదుగా వచ్చినట్టు బీటీది వచ్చి ఉంటే, రీడ్ భాషలో రాసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. అయితే హ్యూమ్ దాన్ని చదివి మరిచిపోలేదనిపిస్తుంది. చనిపోయే ముందు తన వ్యాసాలన్నీ మరోసారి సవరించాడు, అవి 1777లో వచ్చాయి. అందులో ఆ అధస్సూచి మారింది. తెల్లవాళ్లు కాని జాతులన్నీ తక్కువే అన్న ముక్క పోయింది. నల్లవాళ్ల గురించి రాసింది మాత్రం ఉంచేశాడు.